పసిపిల్లలున్న ఇంట్లో వేడిని ఎక్కడ పెట్టాలి

పిల్లలకు కాలిందంటే మనకు ముందు మంట గుర్తొస్తుంది. నిజానికి ఐదేళ్ళలోపు పిల్లలకు ఇంట్లో అయ్యే కాలిన గాయాల్లో ఎక్కువ భాగం వేడి నీళ్ళు, టీ, పాలు, సాంబారు, గంజి మీద పడటం వల్ల అయ్యేవే. మంట కనబడితే ఎవరైనా ఉలిక్కిపడి బిడ్డను లాగేస్తారు. గట్టు అంచున పెట్టిన టీ కప్పును చూసి ఎవరూ ఉలిక్కిపడరు.

పిల్లల చర్మం మన చర్మంకన్నా పలచన. 60 డిగ్రీల వేడి నీళ్ళు పడితే కొద్ది సెకన్లలోనే లోపలి పొర దాకా కాలిపోతుంది. మనమైతే చెయ్యి వెనక్కి లాక్కుంటాం. ఏడాది బిడ్డకు అది చేతకాదు. ఒక కప్పు టీ మన తొడ మీద ఒలికితే అరచేయంత గాయం అవుతుంది. అదే కప్పు బిడ్డ మీద పడితే గడ్డం, మెడ, రొమ్ము, భుజం అన్నీ తడుస్తాయి. పాలు కలిపిన టీ పోసి పావుగంటైనా పసిచర్మాన్ని కాల్చగలదు.

"కాస్త జాగ్రత్తగా చూసుకోండి" అని అందరూ చెబుతారు. ఆ ఒక్క సలహాతో బిడ్డకు రక్షణ దొరకదు. బెంగళూరులో మన తెలుగువాళ్ళ ఇళ్ళు ఎలా నడుస్తాయో తెలిసిందే. ఇద్దరూ ఆఫీసు కాల్స్‌లో ఉంటారు, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ ఒక్కతే వంటా బిడ్డా చూసుకుంటూ ఉంటుంది, కుక్కర్ కూస్తుంటుంది, డెలివరీ అబ్బాయి బెల్లు కొడతాడు. ఎవరి చూపైనా ఒక్క క్షణం పక్కకు పోతుంది, అందులో తప్పేమీ లేదు. ఆ క్షణంలో కూడా బిడ్డ చేతికి వేడి అందకుండా ఇంటిని అమర్చుకోవాలి. కింద చెప్పినవన్నీ ఆ అమరిక గురించే.

ముందు కొలవండి

ఏడాది బిడ్డ ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు, రెండేళ్ళకు 85 దాటుతుంది. మన వంటగట్లు ఎక్కువగా 80 నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. అంటే ఏడాదిన్నర బిడ్డ మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి చాస్తే గట్టు అంచు అందడమే కాదు, అంచు దాటి లోపలికి కూడా చెయ్యి పోతుంది. పైన ఏముందో తనకు కనబడదు. చేతికి తగిలినదాన్ని లాగుతుంది, అంతే.

బిడ్డను గట్టు పక్కన నిలబెట్టి, చెయ్యి పైకెత్తించి, వేళ్ళ కొసలు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద పెన్సిల్‌తో గీయండి. దానికి ఒక జానెడు కలపండి. ఆ గీత కింద ఇంట్లో ఎక్కడా వేడి వస్తువు ఉండకూడదు. గట్టు మీదైతే అంచు నుంచి వీలైనంత లోపలికి, గోడ వైపుకి పెట్టాలి. మూడు నెలలకోసారి మళ్ళీ గీయండి, ఎందుకంటే పోయిన పండక్కి అందనిది ఈ పండక్కి అందుతుంది. స్టూలు, ప్లాస్టిక్ కుర్చీ, నీళ్ళ క్యాన్ లాంటివి గట్టు దగ్గర ఉంటే ఈ కొలతకు అర్థం లేదు, వాటిని వంటింట్లోంచి తీసేయండి.

వంటిల్లు

పాకడం మొదలైన రోజు నుంచి మూడేళ్ళు నిండేదాకా, స్టవ్ వెలుగుతున్నప్పుడు బిడ్డ వంటింట్లో నేల మీద ఉండకూడదు. గుమ్మం ఉన్న వంటింటికి పిల్లల గేటు పెట్టించుకోవచ్చు. అపార్ట్‌మెంట్లలో హాల్లోకి తెరిచి ఉండే వంటిల్లయితే గేటు కుదరదు. అప్పుడు బిడ్డనే చుట్టూ అడ్డు ఉన్న ప్లేపెన్‌లోనో, బెల్టు ఉన్న ఎత్తు కుర్చీలోనో స్టవ్‌కు నాలుగైదు అడుగుల దూరంలో ఉంచాలి. ఒకే గది ఇల్లయితే వంట అయ్యేంత వరకు బిడ్డను ఇంకొకరు ఎత్తుకోవడం, లేదా బిడ్డ నిద్రపోయే వేళకు పెద్ద వంట పెట్టుకోవడం మేలు. నేల మీద టేపు అంటించి "ఇది దాటకూడదు" అని నేర్పడం మూడేళ్ళు దాటాకే పనిచేస్తుంది.

మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నది రెండు బర్నర్ల స్టవ్. అందులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, వెనక బర్నర్ అనేది ఉండదు. అందుకని స్టవ్‌నే వెనక్కి జరపాలి. దాని ముందు అంచుకీ గట్టు అంచుకీ మధ్య కనీసం ఒక జానెడు జాగా ఉండాలి. కుక్కర్ పిడి, బాణలి పిడి, టీ గిన్నె పిడి గోడకు సమాంతరంగా తిప్పి పెట్టాలి. గిన్నెలో వదిలేసిన గరిటె కాడ కూడా పిడి లాంటిదే, కలిపాక తీసి పక్కన పెట్టాలి.

గిన్నె దించడానికి పాత గుడ్డ వాడేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తడిసిన గుడ్డలోంచి వేడి వెంటనే చేతికి దిగుతుంది. చెయ్యి చురుక్కుమనగానే గిన్నె వదిలేస్తారు, కింద బిడ్డ ఉంటుంది. పట్టు బాగున్న పటకారు వాడండి. అంచు లేని గిన్నెల్లో పాలు, సాంబారు కాచకండి, పటకారు జారుతుంది. గంజి వార్చే అలవాటుంటే, వార్చే ముందు బిడ్డ ఎక్కడుందో కంటితో చూసి, మరొకరి చేతిలో ఉందని రూఢి చేసుకున్నాకే గిన్నె ఎత్తాలి. గంజి, పప్పు, సాంబారు, పాయసం లాంటి చిక్కటివి నీళ్ళకన్నా ప్రమాదం. అవి జారిపోవు, చర్మానికి అంటుకుని వేడి దిగేదాకా కాలుస్తూనే ఉంటాయి.

పండగలప్పుడూ ఫంక్షన్లప్పుడూ పెద్ద గిన్నెలు చల్లారడానికి నేల మీద పెడతారు. నడక నేర్చిన పిల్లలు వెనక్కి అడుగేస్తూ వాటిలో కూలబడిపోతారు. ఇంత ఘోరమైన గాయాలు వంటింట్లో మరోలా అరుదుగా అవుతాయి. వేడి గిన్నె నేల మీద పెట్టడం అనే అలవాటునే ఇంట్లోంచి తీసేయాలి. వెనక యుటిలిటీలో, పైన గడియ వేసిన తలుపు వెనక బల్ల మీద పెట్టండి. నేల మీద వడ్డించే రోజైతే ముందు పిల్లలకు తినిపించి, ఆ తర్వాత పెద్దవాళ్ళు కూర్చోండి.

కుక్కర్లో మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. పప్పు, శనగలు లాంటివైతే సగమే, ఎందుకంటే నురుగు పైకి వచ్చి విజిల్ గొట్టాన్ని మూసేస్తుంది. ప్రతిసారీ మూత పెట్టే ముందు ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూడండి, అవతలి వెలుగు కనబడాలి. సేఫ్టీ వాల్వు పోతే అదే కంపెనీది కొని వేయించండి. తొందరపడి విజిల్ పైకెత్తి ఆవిరి వదిలేటప్పుడు బిడ్డ చంకలో ఉండకూడదు.

అసలు చంకలో బిడ్డ ఉన్నంతసేపూ స్టవ్ పని, టీ తాగడం రెండూ మానుకోవాలి. బిడ్డ ఒడిలో ఉండగా కాఫీ తాగడం చాలా ఇళ్ళలో రోజూ జరిగేదే. మూతి ఇరుకైన, మూత బిగిసే మగ్గు వాడితే ఒలికినా కొద్దిగానే ఒలుకుతుంది. డైనింగ్ టేబుల్ మీద వేలాడే గుడ్డ పరవకండి. ఎలక్ట్రిక్ కెటిల్ వైరు గట్టు అంచు కిందికి వేలాడకూడదు, వైరు మిగిలితే చుట్టి గోడ వైపు కట్టేయండి. పాలసీసాను మైక్రోవేవ్‌లో వేడి చేయకండి. అందులో ఒకచోట గోరువెచ్చగా, ఒకచోట మరిగినట్టు ఉంటుంది, సీసా బయట పట్టుకుంటే తెలియదు. వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టి, ఊపి, మణికట్టు లోపలి వైపు రెండు చుక్కలు వేసుకుని చూసి పట్టండి.

స్నానాల గది

బెంగళూరులో సొంత ఇళ్ళ మీదా, చాలా అపార్ట్‌మెంట్ల మీదా సోలార్ హీటర్లు ఉంటాయి. వేడి ఇంత అని పెట్టుకోవడానికి వాటికి గీజర్‌లా థర్మోస్టాట్ ఉండదు. మార్చి, ఏప్రిల్ ఎండల్లో, అందులోనూ రెండు రోజులు ఎవరూ వాడకపోతే, ట్యాంకులో నీళ్ళు 70 డిగ్రీలు దాటిపోతాయి. గొట్టంలో నిలిచిన చల్లటి నీళ్ళు ముందు వస్తాయి, అర నిమిషానికో నిమిషానికో సలసల కాగేవి దూకుతాయి. బిడ్డను కుళాయి కింద నిలబెట్టి తిప్పినవాళ్ళకు ముందు చల్లగానే తగులుతుంది కాబట్టి, అంతా బాగుందనుకుంటారు. ఇల్లు మారి బెంగళూరుకు కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ సంగతి తెలియకపోవడం సహజం, ఇంటికొచ్చిన పెద్దవాళ్ళకు మొదటి రోజే చెప్పండి.

దీనికి పక్కా పరిష్కారం థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు. వేడి లైనుకూ చల్ల లైనుకూ మధ్య ప్లంబర్ బిగిస్తాడు, కుళాయిలోకి వచ్చే నీటి వేడిని ఒక హద్దులో ఉంచుతుంది. అద్దె ఇంట్లో అది వీలుకాకపోతే, పిల్లలు వాడే స్నానాల గదిలో వేడి లైను యాంగిల్ కాక్‌ను, అంటే గోడ దగ్గరుండే చిన్న వాల్వును, కట్టేసి ఉంచండి, కావలసినప్పుడు పెద్దవాళ్ళు తెరవండి. లీవర్ మిక్సర్ ఉంటే ఎప్పుడూ చల్ల వైపుకే తిప్పి వదలాలి. వాడకం అయ్యాక ఒకసారి చల్లనీళ్ళు వదిలితే కుళాయి మూతి కూడా చల్లబడుతుంది.

గీజర్‌కు వేడి తిప్పే నాబ్ ఉంటే 50 డిగ్రీల దగ్గర పెట్టండి. 60 దగ్గర సెకన్లలో కాలేది 50 దగ్గర నిమిషాలు పడుతుంది, బిడ్డను పక్కకు తీయడానికి ఆ వ్యవధి చాలు. గ్యాస్ గీజర్ అయితే స్నానాల గది లోపల ఉండనే కూడదు. దానిది కాలడం ఒక్కటే కాదు, మూసిన గదిలో విషవాయువు చేరి ప్రాణం తీస్తుంది.

బకెట్‌లో ఎప్పుడూ ముందు చల్లనీళ్ళు, తర్వాత వేడినీళ్ళు. ఈ వరస ఇంట్లో అందరికీ, పనికొచ్చే ఆమెకు కూడా, ఒకటే ఉండాలి. వేడినీళ్ళు ముందు పట్టి, చల్లనీళ్ళ కోసం పక్కకు తిరిగిన ఆ కాస్త వ్యవధిలోనే బిడ్డ బకెట్ అంచు పట్టుకుని నిలబడబోతుంది. కలిపాక అడుగు దాకా చేత్తో తిప్పి, మోచేత్తో చూడండి. వేడీ కాదు, చల్లనా కాదు అన్నట్టుండాలి. థర్మామీటర్‌తో చూస్తే 37, 38 డిగ్రీలు. పెద్దవాళ్ళ అరచేయి కాయకష్టంతో మొద్దుబారి ఉంటుంది, దాని లెక్కను నమ్మకండి.

స్టవ్ మీద నీళ్ళు కాచి హాల్లోంచి మోసుకెళ్ళే ఇళ్ళలో, మోసేవాళ్ళు "వేడి, వేడి" అని కేకేసి, బిడ్డ ఎవరి చేతిలోనో ఉందని తెలిశాకే కదలాలి. హీటర్ రాడ్ వాడక తప్పకపోతే, బయట గడియ వేసిన గదిలోనే వాడండి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఆ తర్వాతే నీళ్ళలో చెయ్యి పెట్టాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పిల్లలున్న ఇంట్లో రాడ్ లేకపోవడమే మంచిది.

చంటిబిడ్డకు నూనె రాసి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసే పెద్దవాళ్ళు వేడి కాస్త ఎక్కువే ఇష్టపడతారు. వాళ్ళ ప్రేమను కాదనకుండా, నీళ్ళు కలిపే పని మాత్రం మీరు చేయండి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగకు బిడ్డను నిప్పుల మీదుగా పట్టుకోవడం మానేయాలి. ఒక నిప్పు రవ్వ చిట్లినా, చెయ్యి జారినా గాయమే, పొగ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. మెత్తటి తువ్వాలుతో తల తుడిస్తే చాలు.

జలుబుకు ఆవిరి పట్టడం ఇంకో అలవాటు. మరిగే నీళ్ళ గిన్నె, మీద దుప్పటి, కింద కదలకుండా కూర్చోలేని పిల్లవాడు. గిన్నె తిరగబడితే తొడలూ పొట్టా కాలుతాయి. చిన్నపిల్లల జలుబు దానివల్ల త్వరగా తగ్గదు కూడా. ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి. ఇక కామెర్లకనీ, ఫిట్స్‌కనీ వాతలు పెట్టడం వైద్యం కాదు, బిడ్డను కాల్చడమే. ఎంత దగ్గర బంధువు చెప్పినా ఒప్పుకోకండి.

ముట్టుకుంటే కాలేవి

ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపాక కూడా అరగంట దాకా కాల్చగలదు. మంచం మీదా నేల మీదా ఇస్త్రీ చేయకండి. అయ్యాక వైరు చుట్టి, పెన్సిల్ గీత పైన చల్లారనివ్వండి. బండి సైలెన్సర్ గాయాలు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో చాలా సాధారణం. అప్పుడే ఆపిన బండి పక్కనుంచి పరిగెత్తే పిల్లల పిక్కలకు తగులుతుంది. సైలెన్సర్ గోడ వైపు వచ్చేలా నిలపండి, పిల్లల్ని సైలెన్సర్ లేని వైపు నుంచే ఎక్కించి దించండి. ట్రెడ్‌మిల్ ఉన్న ఇంట్లో, తిరిగే బెల్టు కింద చేతివేళ్ళు ఇరుక్కుంటే చర్మం ఎముక దాకా రాసుకుపోతుంది. వాడనప్పుడు ప్లగ్ పీకి, సేఫ్టీ తాళం దాచేయండి. డిసెంబర్ చలికి పెట్టే రూమ్ హీటర్‌కు మూడడుగుల లోపు పరుపు, దోమతెర, పిల్ల ఏదీ ఉండకూడదు. దోమల చుట్ట వెలిగించేవాళ్ళకూ అదే లెక్క.

దీపం, పండగ

నేల మీది కుంది, ప్రమిదలు పాకే బిడ్డకు సరిగ్గా ముఖం ఎత్తులో ఉంటాయి. పూజ గదికి తలుపు లేకపోతే దీపాన్ని గోడ అరలోకి ఎత్తండి. కార్తీక దీపాలు గుమ్మంలో పెట్టేటప్పుడు పక్కన ఒకరు కూర్చోవాలి, లోపలికి వెళ్ళాల్సి వస్తే ఆర్పేసి వెళ్ళాలి. పట్టు లంగాలు, నెట్ గౌన్లు వేసుకున్న పిల్లల్ని దీపం దగ్గరికి పోనివ్వకండి. నైలాన్, పాలిస్టర్ లాంటి బట్ట మండుతూ కరిగి ఒంటికి అంటుకుంటుంది. దీపావళికి ఒంటికి దగ్గరగా ఉండే నూలు బట్టలు, కాళ్ళకు బూట్లు వేయండి.

కాకరపువ్వొత్తి పిల్లలదని అందరి నమ్మకం. దాని కొస వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. ఐదేళ్ళలోపు పిల్లల చేతికి అసలు ఇవ్వకండి, ఆ పైన పిల్లలకు పెద్దవాళ్ళు పక్కనుండి, చెయ్యి పూర్తిగా చాచి పట్టించాలి. కాలిపోయిన తీగను నేల మీద పారేస్తే చీకట్లో వట్టికాళ్ళ పిల్లలు తొక్కుతారు. ముందే ఒక బకెట్ నీళ్ళు పెట్టుకుని అందులో వేయండి. చిచ్చుబుడ్డి వెలగలేదని వంగి చూడకూడదు, అది ముఖం మీదికే చిమ్ముతుంది. చంకలో బిడ్డతో ఏదీ వెలిగించకండి. అపార్ట్‌మెంట్లో భోగి మంట వేశాక పైన బూడిదైనా లోపల నిప్పు గంటల తరబడి ఉంటుంది. నీళ్ళు పోసి, కలియబెట్టి, మళ్ళీ పోసి గానీ ఆ చోటు వదలకండి.

గ్యాసు, మంటలు

స్టవ్ నాబ్‌లు ముందువైపే ఉంటాయి, పిల్లలకు తిప్పడం సరదా. వంట అవగానే రెగ్యులేటర్ ఆపేయడం అలవాటు చేసుకోండి. పైపు గ్యాసున్న ఇంట్లో స్టవ్ దగ్గరి వాల్వును గొట్టానికి అడ్డంగా తిప్పితే ఆగుతుంది. నారింజ రంగు సురక్ష ట్యూబ్ మీద ఎప్పటిదాకా వాడొచ్చో అచ్చు వేసి ఉంటుంది, ఐదేళ్ళకోసారి మార్చాలి. సిలిండర్ నిలువుగా, స్టవ్ కన్నా కిందే ఉండాలి. లైటరు, అగ్గిపెట్టె గీతకు పైన పెట్టండి.

వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకండి, ఆపకండి. రెగ్యులేటర్ మూసి, తలుపులూ కిటికీలూ తెరిచి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. సిలిండర్ గ్యాసు గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. నేల మీద ఆడుకునే బిడ్డను ముందు ఎత్తుకోండి. నిర్మాణ పనుల దగ్గర రేకుల షెడ్లలో ఉండే కుటుంబాలు చిన్న సిలిండర్ మీదే బర్నర్ బిగించి నేల మీద వండుకుంటారు. వీధి కొట్లలో నింపించినవి కొనకుండా, కంపెనీ డీలర్ల దగ్గర దొరికే 5 కిలోల సిలిండర్ తీసుకుని, స్టవ్‌ను రెండు మూడు ఇటుకల వరసల మీదైనా ఎత్తుగా పెట్టి, చుట్టూ అడ్డు కట్టుకుంటే పిల్లలకు అందదు.

బాణలిలో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మంట పైకప్పు దాకా ఎగుస్తుంది. గ్యాసు ఆపి, మూత పక్కనుంచి జరిపి కప్పి, చల్లారేదాకా తీయకండి. బాణలిని ఎత్తుకుని పరిగెత్తకండి. మంటలార్పే రెండు కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ ఒకటి వంటింటి బయట, గుమ్మం పక్కన ఉంటే మంచిది.

స్కూటర్ బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి గుమ్మం దగ్గర ఛార్జింగ్ పెట్టడం బెంగళూరులో మామూలైపోయింది. అది అంటుకుంటే బయటికి పోయే దారే మూసుకుపోతుంది. రాత్రి అందరూ నిద్రపోతున్నప్పుడు పెట్టకండి, తలుపుకూ పరుపులకూ దూరంగా పెట్టండి. బాల్కనీ గ్రిల్ తాళంచెవి గ్రిల్ దగ్గరే, పెద్దవాళ్ళకు చీకట్లో అందే మేకుకు ఉండాలి. పిల్లల్ని లోపల ఉంచి బయట తాళం వేసి వెళ్ళడం "రెండు నిమిషాలే" అయినా వద్దు.

మూడు నాలుగేళ్ళ పిల్లలకు నేర్పదగినవి ఉన్నాయి. బట్టలకు నిప్పంటుకుంటే పరిగెత్తకుండా ఆగి, నేల మీద పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. పొగలో పాకుతూ రావాలి. మంచం కింద దాక్కోకూడదు. ఇవి ఆటలా ఆడిస్తేనే గుర్తుంటాయి.

నిప్పు లేకుండా కాల్చేవి

తాంబూలం వేసుకునే పెద్దవాళ్ళ సున్నం కాయ, సున్నం ప్యాకెట్ పిల్లలు నొక్కితే చిమ్మి కంట్లో పడుతుంది. కళ్ళు పోయేంత గాయమది. వెంటనే కన్ను తెరిచి పట్టి, కనీసం 20 నిమిషాలు నీళ్ళు పోస్తూ, కంట్లో సున్నపు ముక్కలు మిగలకుండా కడిగి, కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. టాయిలెట్ యాసిడ్, సింకు గొట్టం తెరిచే పొడి, డిష్‌వాషర్ బిళ్ళలు గీత పైన, వాటి డబ్బాల్లోనే ఉండాలి. నీళ్ళ సీసాల్లో పోసి పెట్టకండి. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. వాంతి చేయించకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

కాలితే వెంటనే

కాలిన చోట 20 నిమిషాలు పారే చల్లనీళ్ళు. బిడ్డకు ఇంట్లో చేయగల వైద్యమల్లా ఇదే, దీనికి సాటి మందు లేదు. గాయం పైపొరతో ఆగుతుందా లోపలికి దిగుతుందా అన్నది చాలావరకు ఈ 20 నిమిషాల్లో తేలుతుంది. ఆలస్యమైనా సరే, మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా మేలే.

నీళ్ళు పోస్తూనే తడిసిన బట్టలు, డైపర్ తీసేయండి, అవి వేడిని పట్టి ఉంచుతాయి. గాజులు, కాళ్ళ కడియాలు, మొలతాడు, దిష్టి తాడు వాపు రాకముందే తీయండి లేదా కత్తిరించండి. చర్మానికి అంటుకుపోయిన బట్టను మాత్రం లాగకండి, చుట్టూ కత్తిరించి వదిలేయండి. మధ్యాహ్నం పూట ఓవర్‌హెడ్ ట్యాంకు గొట్టంలో నీళ్ళే వేడిగా ఉండొచ్చు, ముందు చేత్తో చూసుకోండి. కుళాయి రాని రోజైతే నీళ్ళ క్యాన్ వాడండి. నిమిషానికి లీటరు చొప్పున సన్న ధార పోస్తే 20 లీటర్ల క్యాన్ సరిపోతుంది. కాలిన భాగం మీదే పోసి మిగతా ఒంటిని పొడి దుప్పటితో కప్పండి. చిన్నబిడ్డ ఒళ్ళంతా తడిపితే చల్లబడిపోతుంది, వణుకు మొదలైతే ఆపండి.

ఐసు పెట్టకూడదు, అది కాలిన చర్మానికి రక్తం అందనివ్వదు. టూత్‌పేస్టు, పసుపు, నెయ్యి, ఇంకు, కాఫీ పొడి, దోసె పిండి, కోడిగుడ్డు సొన, కలబంద ఏవీ వద్దు. వేడిని లోపలే బంధిస్తాయి, క్రిములు చేరతాయి, ఆసుపత్రిలో అవి గీకి తీసేటప్పుడు బిడ్డ పడే నొప్పి చెప్పనలవి కాదు. బొబ్బలు చిదమకండి. 20 నిమిషాలయ్యాక వంటింటి క్లింగ్ ఫిల్మ్ (తినేవాటికి చుట్టే పలచటి ప్లాస్టిక్ పొర) మొదటి చుట్టు పారేసి, తర్వాతి ముక్కను గాయం మీద పొడవుగా పరవండి, చుట్టూ బిగించి చుట్టకండి. అది లేకపోతే ఉతికి ఆరిన పలచటి నూలు గుడ్డ. నొప్పికి పారాసెటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 120 ఉందో 250 ఉందో చదివి లెక్క కట్టండి.

కరెంటు షాక్ అయితే మాత్రం ముందు మెయిన్ ఆపాలి, బిడ్డను ముట్టుకోవడం ఆ తర్వాతే.

ఆసుపత్రికి ఎప్పుడు, ఎక్కడికి

వేళ్ళతో సహా బిడ్డ అరచేయి తన ఒంటిలో సుమారు నూటికి ఒక వంతు. గాయం అంతకన్నా పెద్దదైతే వెళ్ళాలి. ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మాంగాల దగ్గరైతే ఎంత చిన్నదైనా వెళ్ళాలి. ఏడాదిలోపు బిడ్డ, కరెంటు, రసాయనం, పొగ పీల్చడం, బొబ్బలు, తెల్లగానో నల్లగానో మారి నొప్పి తెలియని చర్మం ఉన్నా అంతే. అలా నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు, నరాలు కూడా కాలాయని అర్థం. పది అరచేతులంత కాలితే సెలైన్ ఎక్కించాల్సిన పరిస్థితి, 108 పిలవండి. మంటలకు 101, దేనికైనా 112.

బెంగళూరులో కె.ఆర్. మార్కెట్ దగ్గరి విక్టోరియా ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక వార్డు ఉంది. టపాసులు, సున్నం కంట్లో పడితే అక్కడికి దగ్గర్లోనే మింటో కంటి ఆసుపత్రి. వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ లాంటి చోట్ల ఉన్నవాళ్ళు ట్రాఫిక్‌లో అంత దూరం వెళ్ళే ముందు దగ్గరి ఎమర్జెన్సీలో చూపించుకోవాలి. మీ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో పిల్లల డాక్టరూ ప్లాస్టిక్ సర్జనూ ఇద్దరూ ఉంటారో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ నంబరు, ఇంటి చిరునామా, పక్కింటివాళ్ళ నంబరు ఫ్రిజ్ మీద తెలుగులో అంటించండి. కన్నడం రాని అమ్మమ్మ కోసం, "మగువిన మేలె బిసి నీరు బిద్దిదె" అన్న మాట కూడా దాని కింద రాసి పెట్టండి. బిడ్డ మీద వేడినీళ్ళు పడ్డాయని దాని అర్థం.

కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. జ్వరం, వాంతులు, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, మందకొడిగా ఉండటం కనబడితే గాయం ఎంత చిన్నదైనా అదే రోజు తిరిగి తీసుకెళ్ళండి. రెండు వారాలైనా మానకపోతే ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించాలి, ఆలస్యమైన కొద్దీ మచ్చ గట్టిపడి కీలు ముడుచుకుపోతుంది. మానిన కొత్త చర్మానికి వాసన లేని మాయిశ్చరైజర్ రోజుకు రెండు మూడుసార్లు రాయాలి, ఏడాది పాటు ఎండ తగలకుండా బట్ట కప్పాలి. వేళ్ళ దగ్గరి గాయమైతే డాక్టరు చెప్పిన వ్యాయామాలు బిడ్డ ఏడ్చినా ఆపకండి.